చెయ్యెత్తనియ్యని రైక

(కరీంనగర్‌లో కుట్టుపని చేసుకునే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కుట్టుపని - స్త్రీల ఉపాధి" అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మిషన్లు, అప్పులు, కుట్టుకూలి, మార్కెటు గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్లు పొద్దుటి నుంచి మాట్లాడారు. నేను రైక చంక గురించి మాట్లాడతాను. ముందు వరసల్లో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. వెనక గోడ పక్కన కొంగు రెండు భుజాల నిండా కప్పుకుని కూర్చున్న అక్కలు మాత్రం నవ్వడం లేదు. నేను దేని గురించి చెప్పబోతున్నానో వాళ్లకు అప్పుడే అర్థమైంది.

జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఒకామె వార్డు మెంబరు. బీడీలు చేస్తుంది. మనిషి కాస్త లావు. స్థానిక సంస్థల్లో స్త్రీలకు సగం సీట్లు వచ్చాయి కాబట్టి గెలిచింది, గెలిచాక పనిచేద్దామనే అనుకుంది. ఒకసారి పంచాయతీ మీటింగులో ఆమె వాడ మురికికాలువ సంగతి వచ్చింది. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నారు. ఆమె ఎత్తలేదు. తీర్మానం ఎట్లాగో పాసయింది గాని "ఆమె వాడ కాలువకు ఆమెకే ఇష్టం లేదట" అని ఊరంతా అనుకున్నారు. కొన్నాళ్లకు నా దగ్గరికి బట్ట తీసుకుని వచ్చినప్పుడు అడిగాను, ఎందుకు ఎత్తలేదక్కా అని.

"చెయ్యెత్తుతే రైక మొత్తం మీదికొస్తది. చంకల చినిగిన కాడ పిన్నీసు పెట్టుకున్న. గంత మంది మొగోళ్ల ముందల ఎట్ల ఎత్తాలె?" అంది.

ఆ రైక కుట్టింది నేనే.

అప్పటికి నేను మిషను తొక్కబట్టి చాలా ఏళ్లయింది. పిల్లలకు నేర్పుతున్నాను కూడా. నా చేతి కుట్టు గట్టిదని పేరు. చినిగిపోతే బట్ట మంచిది కాదనో, అక్క ఒళ్లు చేసిందనో అనుకునేదాన్ని. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే నా ఛాతీ కొలత 46 ఇంచులు. నా రైకలూ చెయ్యెత్తితే పైకి వచ్చేవే. లావుగా ఉన్నవాళ్ల రైకలు అట్లాగే ఉంటాయని నేనూ నమ్మాను. ఆమె ఆ మాట అన్న తర్వాతే నా పనిని నేను మొదటినుంచి విప్పి చూసుకున్నాను. ఇవాళ చెప్పేదంతా అట్లా విప్పి చూసినప్పుడు తెలిసిందే.

మనం కుట్టుపని ఎట్లా నేర్చుకున్నాం? మేరాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లు కొందరు. డ్వాక్రా శిక్షణల్లోనో, సింగరేణి కాలనీల్లో సేవా సమితి నడిపిన తరగతుల్లోనో, టైలరింగ్ స్కూళ్లలోనో నేర్చుకున్నవాళ్లు కొందరు. మేరాయనకు ఆది రైక ఇస్తే దాన్ని నేల మీద పరిచి, దాని మీద జానతో కొలిచి కోసేవాడు. శిక్షణలో మనకు ఒక పట్టిక ఇచ్చారు. 32, 34, 36. ఛాతీ ఇంత ఉంటే మెడ వెడల్పు ఇంత, భుజం ఇంత, చంక లోతు ఇంత. పన్నెండో వంతనో, ఆరో వంతనో, అన్నీ ఛాతీ అంకెనే భాగించి తీయడం. ఖాకీ కాగితం మీద 34 రైక గీసి, కోసి, కుట్టి, మేడం సంతకం తీసుకుంటే పని వచ్చినట్టే. 44 కొలత గీయమని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నా పిల్లల్ని అడగలేదు.

ఈ లెక్కలో ఒక అబద్ధం ఉంది. ఛాతీ 34 నుంచి 44కు పెరిగితే భుజం ఎముక కూడా అదే దామాషాలో పెరుగుతుందని ఆ లెక్క అనుకుంటుంది. ఎముక పెరగదు. మెడ కొంచెం పెరుగుతుంది, భుజం వెడల్పు ఇంచుమించు ఉన్నంతే ఉంటుంది. పెరిగేది రొమ్ములు, చేతి పైభాగం, వీపు మీది కండ, నడుము. అవి కూడా అందరికీ ఒకే చోట పెరగవు. ఒకామెకు రొమ్ములు నిండుగా ఉండి వీపు సన్నగా ఉంటుంది. ఇంకొకామెకు వీపూ చేతులూ బలంగా ఉండి రొమ్ములు చిన్నవి. ఇద్దరికీ టేపు చుట్టితే 44 అనే వస్తుంది. ఇద్దరికీ ఒకే రైక కోస్తాం. ఇద్దరికీ సరిపోదు. ఇద్దరికీ భుజం మీంచి జారుతుంది, ముందు మెడ దగ్గర బట్ట తేలుతుంది, చంక మాత్రం పట్టేస్తుంది. అప్పుడు మనం అనేది ఒకటే మాట, "ఒళ్లు తగ్గించుకోవాలక్కా" అని.

పట్టికలు ఎవరి ఒంటి మీద పుట్టాయో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో 1939, 40ల్లో ప్రభుత్వం వాళ్లు రెడీమేడ్ బట్టల కొలతల కోసం సుమారు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచారు. 1941లో పుస్తకం వేశారు. కొలిపించుకోవడానికి నల్లజాతి స్త్రీలు కూడా వచ్చారు. వాళ్లనూ కొలిచారు, కానీ ఫలితాలు లెక్కగట్టేటప్పుడు వాళ్ల కొలతలు పక్కన పెట్టేశారు. 1958లో ఆ దేశం ప్రకటించిన సైజుల వెనుక ఉన్నవి ఆ లెక్కలే. మన దేశంలో దుకాణాల్లో అమ్మే బట్టల మీద ఉండే ఎస్, ఎం, ఎల్ అక్షరాలు చాలావరకు ఇట్లా బయటి దేశాల కొలతల్ని సర్దుకుని పెట్టుకున్నవే. మన ఒళ్లను కొలవాలన్న ఆలోచన ఈ మధ్యనే వచ్చింది. నిఫ్ట్ సంస్థ "ఇండియా సైజ్" పేరుతో ఆరు నగరాల్లో 25,000 మందిని యంత్రాలతో కొలిచే పని పెట్టుకుంది. ఆ ఆరింట్లో హైదరాబాదు ఒకటి. మంచిదే. కానీ తునికాకు ఏరే మనిషి, పత్తి ఏరే మనిషి, చేట ఒళ్లో పెట్టుకుని రోజంతా వంగి బీడీ చుట్టే మనిషి నగరంలో యంత్రం ముందుకు పోయి నిలబడుతుందా? ఆమె ఒళ్లు ఎట్లా ఉందో చెప్పాల్సింది ఆమెకు కుట్టేవాళ్లే. అంటే మనమే.

ఇప్పుడు పని సంగతి చెప్తాను. మిషను తొక్కనివాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మొట్టమొదట ఆది రైకను నమ్మడం మానండి. సన్నగా ఉండి, ఒళ్లు మారని పిల్లకు ఆది సరిపోతుంది. లావుగా ఉన్న అక్క తెచ్చే ఆది ఏమిటి? ఉన్నవాటిలో తక్కువ బాధపెట్టేది. అది కూడా చెడ్డదే. దాన్ని చూసి కుట్టినప్పుడల్లా ఆ బాధనే ఇంకొకసారి కుడతాం. రెండు కాన్పుల కిందటి రైక ఆదిగా తెచ్చినవాళ్లను నేను చూశాను. "ఇదే సరిపోతుండె" అంటారు. సరిపోయేది అప్పుడు.

మనిషిని కొలవండి. ఛాతీ ఒక్కటి చాలదు. చంకల కిందుగా, రొమ్ముల పైనుంచి ఒక కొలత తీయండి. దాన్ని పై ఛాతీ అందాం. రొమ్ముల మీద నిండుగా ఒకటి. రొమ్ముల కింద, రైక పట్టీ వచ్చే చోట ఒకటి. తర్వాత ఒక పక్క చంక కింద నుంచి ఇంకో పక్క చంక కిందికి ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత, విడివిడిగా. ఈ కొలత మనలో ఎవరూ తీయరు. అసలు గుట్టంతా ఇందులోనే ఉంది. భుజం నుంచి రొమ్ము మొన దాకా పొడవు, రెండు మొనల మధ్య దూరం, చేతి పైభాగం చుట్టు. చెయ్యి మడిచి కండ బిగించినప్పుడు ఒకసారి చుట్టు చూడండి, వేలాడేసినప్పుడు ఒకసారి చూడండి. తేడా మీకే కనబడుతుంది.

మా వార్డు మెంబరక్క కొలతలే చెప్తాను. ఆమె ఒప్పుకునే చెప్తున్నాను. పై ఛాతీ 40. నిండు ఛాతీ 44. ఆ 44లో ముందు వైపు 24, వెనక వైపు 20. పాత లెక్కలో నేనేం చేశాను? 44ను నాలుగు భాగాలు చేసి ముందు అరకు 11, వెనక అరకు 11 పెట్టాను. అంటే వెనక రెండించులు ఎక్కువై ముడతలు పడ్డది. ముందు రెండించులు తక్కువై పట్టేసింది. పట్టేసిన బట్ట ఎక్కడికి పోతుంది? పైకి లేస్తుంది. పిన్నీసు పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏం చేస్తున్నాను? మొదట 44ను పక్కన పెట్టి, పై ఛాతీ 40కే మొత్తం రైక గీస్తాను. మెడ, భుజం, చంక అన్నీ 40 లెక్కే. అప్పుడు ముందు అర 10, వెనక అర 10 వస్తాయి. వెనక ముక్క అట్లాగే ఉంచుతాను, 20 సరిపోయింది. ముందు అరకు 12 కావాలి, ఉన్నది 10. ఈ రెండించులు ఎక్కడ కలపాలి? పక్క కుట్టు దగ్గర కలిపితే చంక కింద సంచిలా వేలాడుతుంది, రొమ్ము దగ్గర బిగుతు తగ్గదు. అవసరం రొమ్ము దగ్గర ఉంది, కాబట్టి బట్ట కూడా అక్కడే రావాలి.

దీనికి ముందు ముక్కను పాత న్యూస్ పేపరు మీద కుట్టు వదిలే బట్ట లేకుండా గీసి కోయండి. రొమ్ము మొన గుర్తుపెట్టండి. అడుగు నుంచి తిన్నగా ఆ మొన దాకా కత్తిరించి, అక్కడి నుంచి చంక వైపు తిరిగి, చంక అంచు ఇంకా నూలుపోగంత ఉందనగా ఆపండి. తెగిపోకూడదు. పక్క నుంచి కూడా మొన వైపు ఇంకొక కోత పెట్టి, మొన దగ్గర నూలుపోగంత వదలండి. ఇప్పుడు పక్క భాగాన్ని మెల్లగా బయటికి లాగితే కాగితం తలుపులా తెరుచుకుంటుంది. మొన దగ్గర రెండించుల సందు వచ్చేదాకా తెరవండి. పక్కన కూడా తనంతట తానే ఒక సందు పడుతుంది. అది పక్క డాట్. అడుగున పడ్డ సందు కింది డాట్‌లోకి పోతుంది. నడిమి భాగం పక్క భాగం కన్నా పొట్టిగా కనిపిస్తుంది కదా, దాన్ని అడ్డంగా కోసి, కిందికి జరిపి సమం చేయండి. సందుల కింద వేరే కాగితం అంటించండి. అంతే. భుజం మారలేదు, మెడ మారలేదు, చంక మారలేదు. రొమ్ముకు చోటు దొరికింది. ఊపిరికి వదిలే లూజు దీనికి అదనం, అది మామూలుగా కలుపుకోవాలి.

మొదటిసారి చేసినప్పుడు నాకు మూడు పేపర్లు చినిగాయి. నాలుగోది నిలిచింది. ఆ రోజు నాకు చిన్నపిల్లలా సంతోషమైంది.

ఇంక చంక. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. చంక పట్టేస్తుందని ఎవరైనా అంటే మనం ఏం చేస్తాం? కత్తెర తీసుకుని చంక లోతు పెంచుతాం. ఒక అర ఇంచు కిందికి తీస్తాం. వేసుకుని చేతులు కిందికి పెట్టుకుని నిలబడితే హాయిగానే ఉంటుంది. చెయ్యెత్తగానే రైక మొత్తం చేతితో పాటు లేస్తుంది. ఎందుకంటే చెయ్యి ఇప్పుడు రైకకు కింద, పక్కటెముకల దగ్గర అతుక్కుని ఉంది. చంక ఎంత లోతైతే చెయ్యి అంత తక్కువ లేస్తుంది. నమ్మకపోతే కొంగును చేతికి రెండు రకాలుగా కట్టుకుని చూడండి, ఒకసారి చంకలోకి, ఒకసారి నాలుగు వేళ్లు కిందికి. చంక దగ్గరగానే ఉండాలి. వెడల్పు కావాల్సింది చేతి ముక్కకు. చేతి ముక్కను పొడవునా మధ్యలో కోసి, తెరిచి, వెడల్పు పెంచండి. పైన గుండ్రంగా వచ్చే భాగం ఎత్తు కొంత తగ్గుతుంది. తగ్గితేనే చెయ్యి బాగా లేస్తుంది. వెనకటి ముసలమ్మల రైకల్లో చంక కింద ఒక చిన్న నలుపలకల ముక్క వేసి ఉండేది, గుర్తుందా? మా అమ్మమ్మ రైకకు ఉండేది. అది పాతకాలం ముచ్చట అని మనం తీసేశాం. ఆ ముక్క వేసుకుని ఆమె నాట్లు వేసింది, రోకలి ఎత్తింది.

మన దగ్గర చేతులు ఎత్తే పనులు ఎన్నున్నాయో చూడండి. పత్తి ఏరడం, దండెం మీద బట్టలు ఆరేయడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం. బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువు దాకా పోవడం. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కొడుతూ వంగి లేస్తాం. లావుగా ఉన్న అక్కలు ఎందరో గట్టు మీద కూర్చుని చూస్తారు, "మోకాళ్లు నొప్పులు" అంటారు. నొప్పులు నిజమే కావచ్చు. వాళ్లలో ఎంత మందికి రైక అడ్డం పడుతుందో ఎవరం అడగలేదు.

బీడీలు చేసే అక్కల వీపు గురించి ఒక మాట. ఏళ్ల తరబడి వంగి కూర్చుంటే మెడ కింద వీపు గుండ్రమవుతుంది, భుజాలు ముందుకు వస్తాయి. వాళ్లకు వెనక ముక్క పొడవు కాస్త ఎక్కువ కావాలి, లేకపోతే వెనక పైకి లేచి నడుము బయటపడుతుంది. భుజం కుట్టును చెయ్యి వైపు అర ఇంచు ముందుకు జరపండి. ముందు ముక్కలో తీసిన అర ఇంచు వెనక ముక్కకు కలపండి. ఇంతకంటే ఏమీ లేదు. నిర్మల్‌లో, సిరిసిల్లలో, కోరుట్లలో బీడీలు చేసేవాళ్లకు కుట్టే అందరికీ ఈ మాట పనికొస్తుంది.

ఇంకొకటి, పక్క కుట్ల దగ్గర బట్ట కోసి పారేయకండి. ఇంచున్నర వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేయండి. కాన్పు అవుతుంది, థైరాయిడ్ వస్తుంది, మందులకు ఒళ్లు వస్తుంది, జ్వరానికి తీస్తుంది. ఆడదాని ఒళ్లు ఏడాదంతా ఒకే కొలతలో ఉండాలని ఏ రాజ్యాంగంలో రాసి ఉంది?

బట్ట సంగతి కూడా మాట్లాడాలి. చీరతో వచ్చే రైక ముక్క 80 సెంటీమీటర్లు. నేను చెప్పిన పద్ధతిలో 44 కొలతకు, మోచేతి పైదాకా చేతులు పెట్టి కుట్టాలంటే అది చాలదు. మీటరు కావాలి. 80లో ఇరికించాలంటే చేతులు పొట్టివవుతాయి, లేదా కుట్టు వదిలే బట్ట పోతుంది, లేదా చంక లోతవుతుంది. చంక ఎందుకు పట్టేస్తుందో వెతుక్కుంటూ పోతే మిల్లులోకో, మగ్గం దగ్గరికో చేరతాం. 2017 నుంచి 2023 దాకా సిరిసిల్ల మరమగ్గాల మీద బతుకమ్మ చీరలు నేశారు. ఏటా కోటి దాకా. మామూలు చీర ఐదున్నర మీటర్లు, దానికి 80 సెంటీమీటర్ల రైక ముక్క. మన ఉత్తర తెలంగాణలో గోచి పెట్టి కట్టే పెద్దమనుషులకు ఆరు మీటర్లు చాలవని ఎవరో చెప్పారు, విన్నారు, వాళ్లకోసం 9 మీటర్ల చీరలు కూడా నేయించారు. చూడండి, అడిగితే మగ్గం మీద పొడవు మారుతుంది. రైక ముక్క మీటరు ఉండాలని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ చీరల్ని ఇంటికి తెచ్చుకున్న లావు అక్కలు రైక ముక్కను దిండు గలీబులకో, మనవరాలి గౌనుకో ఇచ్చి, బజార్లో వేరే బట్ట కొనుక్కున్నారు. కొననివాళ్లు ఉన్న పాత రైకే తొడుక్కున్నారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో నూటికి సుమారు 30 మంది స్త్రీలు ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారు. తక్కువ బరువు ఉన్నవాళ్లూ తక్కువేమీ లేరు. ఒకే వాడలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. ఎందుకట్లా అనేది పెద్ద చర్చ, దాని గురించి డాక్టరమ్మలు మాట్లాడాలి. నేను చెప్పేది, మన గిరాకీలో ముగ్గురిలో ఒకరిని మనం "మామూలు కాదు" అని పక్కన పెడుతున్నాం.

కూలి దగ్గరికి వస్తే మనలో మనకే జగడం అవుతుంది, తెలుసు. నేను చాలా ఏళ్లు లావు మనిషికి ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. అదీ అందరి ముందు చెప్పి. "నీకు బట్ట ఎక్కువ పడుతదక్కా" అని. బట్ట ఆమెదే, నాకేం పోయింది? పని ఎక్కువ పడుతుందంటే నిజమే, మొదటి రైకకు కాగితం తెరిచి సరిచేయడానికి గంట పడుతుంది. కానీ ఆ కాగితం మీద ఆమె పేరు రాసి మేకుకు తగిలిస్తే రెండో రైకకు ఆ గంట పట్టదు. ఇప్పుడు నేను అందరి దగ్గరా మొదటిసారి కాగితానికి ఒకే ధర తీసుకుంటున్నాను, సన్నవాళ్ల దగ్గర కూడా. తర్వాత అందరికీ ఒకే కుట్టుకూలి. "నీకు నష్టం" అన్నవాళ్లున్నారు. నా గోడకు ఇప్పుడు నూటపది కాగితాలు వేలాడుతున్నాయి. ఆ మనుషులు వేరే చోటికి పోవడం లేదు. మీ లెక్క వేరే ఉండవచ్చు, రోజుకు ఎన్ని రైకలు కుడితే ఇల్లు గడుస్తుందో మీకే తెలుసు. ఇరవై రూపాయలు తీసుకోవాల్సి వస్తే తీసుకోండి. అది కష్టానికి తీసుకోండి. ఒంటికి జరిమానాగా తీసుకోకండి.

అందం గురించి కూడా అడుగుతారు. మన సంఘాల్లో అందం అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. నేను చిట్లించను. లావుగా ఉన్న మనిషికి కూడా పెళ్లికి పోయేటప్పుడు బాగుండాలని ఉంటుంది. నాకు ఉంటుంది. కానీ మనం వాళ్లకు చెప్పేదంతా సన్నగా కనబడే చిట్కాలే. ముదురు రంగు కట్టు, నిలువు గీతలు కట్టు, పెద్ద పూలొద్దు, మెరిసే అంచొద్దు. ఇవన్నీ ఒక మనిషిని తక్కువ కనబడమని చెప్పడమే. నాకు తెలిసినంతలో సరిగ్గా అమరిన రైకే అన్నిటికన్నా బాగుంటుంది. భుజం కుట్టు భుజం మీదే కూర్చుంటే, వీపు మీద కండ పిసుక్కుపోకుండా ఉంటే, మనిషి నిలబడే తీరే మారుతుంది. చేతుల పొడవు దగ్గర ఒక్క జాగ్రత్త చెప్తాను. కండ ఎక్కువ ఉన్న చోట చెయ్యి ఆగకూడదు, అంచు అక్కడ కోసుకుంటుంది. మోచేతికి రెండించుల పైన ఆపండి. మెడ ఎంత దించాలి, కిటికీ పెట్టాలా అన్నది ఆమెను అడగండి. "నీకు బాగుండదక్కా" అని ముందే మీరు తీర్పు చెప్పకండి. చిలకపచ్చ కట్టుకుంటానంటే చిలకపచ్చ కుట్టండి.

లంగా గురించి చెప్పకపోతే తప్పవుతుంది. సన్నటి బొందుతో నడుముకు గట్టిగా బిగించి కట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. లావుగా ఉన్నవాళ్లకు ఆ బొందు మడతల్లోకి దిగిపోతుంది. నల్లటి మచ్చ పడుతుంది, ఒరుసుకుపోతుంది, చెమటకు మండుతుంది. సిగ్గుతో చూపించరు. 2024లో వార్ధాలోని వైద్య కళాశాల డాక్టర్లు, బీహారు డాక్టర్లు కలిసి ఒక వైద్య పత్రికలో రాశారు, నడుము మీద ఏళ్లతరబడి మానని పుండు చివరికి కేన్సరుగా మారిన ఇద్దరు పెద్ద వయసు స్త్రీల గురించి. వార్ధా అంటే ఎక్కడో కాదు, ఆదిలాబాదు దాటి పోతే వచ్చేదే. అందరికీ అట్లా అవుతుందని భయపెట్టడం లేదు, అది చాలా అరుదు. కానీ పుండు దాకా ఎందుకు పోనివ్వాలి? బొందు బదులు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేసి, పక్కన రెండు మూడు చోట్ల హుక్కులు పెట్టండి, పొద్దున ఒకటి, తిన్నాక ఒకటి. చీర కుచ్చిళ్లు ఆ పట్టీ మీద కూడా నిలుస్తాయి, నేను రోజూ కట్టుకుంటున్నాను.

మన పెద్దవాళ్లకు ఈ తెలివి లేదనుకోకండి. ముందు ముడి వేసుకునే రైకకు హుక్కు లేదు, ఒళ్లు పెరిగితే ముడి వదులుగా వేసుకునేవాళ్లు. ఆదిలాబాదు తండాల్లో లంబాడీ స్త్రీల కాంచళి వీపు మీద తాళ్లతో కడతారు, పిల్లకు పాలిచ్చే రోజుల్లోనూ అదే, తర్వాతా అదే. ఆ బట్టలు మనిషిని బట్టి మారేవి. హుక్కుల పట్టీ, బిగుతు రైక వచ్చాక మనిషే మారాల్సి వచ్చింది. వెనక్కి పోదామని అనడం లేదు. నాకు హుక్కులే ఇష్టం.

చివరిగా ఆడపిల్లల మాట. 2024 నుంచి ప్రభుత్వ బడుల యూనిఫాం కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. మనలో చాలామంది కుడుతున్నారు. ఒక బడి నుంచి మా దగ్గరికి వచ్చిన జాబితాలో పిల్లల కొలతలు లేవు, తరగతి ఒక్కటే ఉంది. ఎనిమిదో తరగతి ఇన్ని, తొమ్మిదో తరగతి ఇన్ని. ఎనిమిదో తరగతి అనేది ఒక కొలతా? ఒక పిల్లకు ఆ ఏడే ఒళ్లు వచ్చింది. చొక్కా గుండీలు పట్టలేదు. మీద స్వెట్టర్ తొడుక్కుని వచ్చేదట ఎండాకాలంలో కూడా, తర్వాత బడికి రావడం తగ్గించింది. వాళ్లమ్మ చొక్కా తెచ్చి చూపిస్తే పక్క కుట్లలో విప్పడానికి పావు ఇంచు బట్ట కూడా లేదు. మా సంఘం కుట్టిందే. మేము టేపు పట్టుకుని ఆ బడికి పోయాం. టీచరమ్మ ఒప్పుకుంది. పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, అంకె పైకి చదవకుండా, కాగితం మీద రాసుకున్నాం. అంకె పైకి చదవకపోవడం ముఖ్యం. మనం శిక్షణల్లో "చెస్టు ముప్పై ఎనిమిదీ" అని గట్టిగా అరిచి రాయిస్తాం కదా, అది మానాలి. పిల్లల కొలతలు తీసుకోకుండా కుట్టేది లేదని మన సంఘాలన్నీ ఒక మాట మీద ఉంటే జాబితా మారుతుంది. దీని మీద ఇవాళ తీర్మానం చేయాలని నా కోరిక. అట్లాగే శిక్షణ పరీక్షలో 34 రైకతో పాటు 44 రైక కూడా కుట్టించాలని, చీరతో వచ్చే రైక ముక్క మీటరు ఉండాలని.

మీరు అడగకముందే చెప్తాను, మా వార్డు మెంబరక్కకు కొత్త రైక కుట్టాను. మొదటిసారి పూర్తిగా కుదరలేదు, కుడి చెయ్యి కాస్త పట్టింది. బీడీ చుట్టే చెయ్యి కదా, ఎడమదాని కన్నా అర ఇంచు లావు. విప్పి మళ్లీ కుట్టాను. ఆ తర్వాత మీటింగులో చెయ్యెత్తిందట, ఇంటి పన్ను పెంచొద్దని. ఆ తీర్మానం మాత్రం ఓడిపోయింది. మళ్లీ పెడతానంటోంది.

భోజనాలయ్యాక ఆ మూల బల్లల దగ్గర కూర్చుందాం. పాత పేపర్లు, గోధుమపిండి జిగురు తెచ్చాను. మీ మీ రైకలు ఏ ఆది చూసి కుట్టారో అవి ఉంటే తీయండి. ఎవరి కొలతతో మొదలుపెట్టాలని సిగ్గుపడాల్సిన పనిలేదు, నాదే తీయండి, 46. టేపు ఎవరి దగ్గరుందో ఇటు ఇవ్వండి.